జింక దవడలు, ముందు వరుస కుర్చీలు

నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే జింకల పళ్లు చూస్తానని చెబుతాను. నవ్వుతారు. నవ్వనీ. సూరత్‌లో, అడాజన్ పేటలో బస్సుల రోడ్డు పక్కన, ఒక మిఠాయి దుకాణం మీదున్న చిన్న ఆఫీసులో కూర్చుని, నేనెన్నడూ చూడని చలిదేశపు అడవిలో చనిపోయిన జింకల వయసు చెప్పడం నా ఉద్యోగం. అక్కడ లైసెన్సు తీసుకుని జింకను వేటాడొచ్చట. వేటగాళ్లు కింది దవడ ఫోటో తీసి పంపితే, అవి ఎక్కడెక్కడో తిరిగి చివరికి మా కంప్యూటర్లలోకి వస్తాయి.

పిల్ల జింకకు మూడు మొనల పాలపన్ను ఒకటి ఉంటుంది. అది ఊడి రెండు మొనల పన్ను వచ్చిందంటే ఏడాది దాటినట్టు. ఆ తర్వాత అంతా అరుగుదలే. తెల్లటి అంచు సన్నబడుతుంది, మధ్యలో గోధుమరంగు గీత వెడల్పవుతూ పోతుంది. మధ్యాహ్నం పూట వాటినే చూస్తూ ఉంటే నాకు మెలకువకూ నిద్రకూ మధ్య ఎక్కడో ఉన్నట్టుండేది. ఏసీ చప్పుడు ఆకుల చప్పుడయ్యేది. కింది నుంచి నెయ్యి వాసన వస్తున్నా సరే, నా చుట్టూ మంచు కురిసేది. దవడలన్నీ లేచి ఒళ్లు తొడుక్కుని, బల్లల మధ్య నుంచి మెల్లగా నడిచిపోయేవి.

చేరిన కొత్తలో ఒకరోజు ఉత్సాహంగా మా పైఅధికారి దగ్గరికి వెళ్లి, ఈ అడవిలో పిల్లలు తక్కువ, ముసలివి అసలే లేవు, అన్నీ మంచి వయసులో ఉన్నాయని చెప్పాను. ఆవిడ గుజరాతీ మనిషి. చాయ్ తాగుతూ తాపీగా నవ్వింది.

"ఇవి అడవిలో ఉన్న జింకలు కావు బేటా, వేటగాడికి దొరికిన జింకలు. వాడు పెద్ద కొమ్ములున్నదాన్ని చూసి కొడతాడు. పిల్లను వదిలేస్తాడు. పొరపాటున కొట్టినా సిగ్గుపడి ఫోటో పంపడు. ముసలిది తెలివిమీరి ఉంటుంది, దారి పక్కకే రాదు. వచ్చినవాటి వయసే మనకు తెలిసింది. రానివాటి సంగతి వేరే కనుక్కోవాలి."

ఆ మాట నాకు ఆఫీసులో కంటే ఇంట్లో ఎక్కువ పనికొస్తుందనుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో బాపు ఉన్నాడు.

బాపు సిరిసిల్ల వైపు నుంచి మీసాలు రాని వయసులో సూరత్ వచ్చి, అప్పటి నుంచీ సాంచాలు నడుపుతున్నాడు. సాంచా అంటే మా వాళ్ల భాషలో మరమగ్గం. ఇప్పుడు నగర శివార్లలోని జోల్వాలో ఒక సేఠ్ దగ్గర పని. అమ్మా బాపూ అక్కడే, కార్ఖానా వెనక మేడమీది గదిలో ఉంటారు. పోగుల నూగు బాపు ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక ఆ దుమ్ములోకి వెళ్తే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. బాపు తలూపి, తెల్లారే డ్యూటీకి పోయాడు.

ఎందుకు పోయావంటే ఆయన దగ్గర ఒక సాక్ష్యం ఉంది. మాఘమాసంలో మా కులదైవమైన ముని పుట్టినరోజున సూరత్‌లోని మా వాళ్లందరూ కలుస్తారు. పూజ, ఊరేగింపు, భోజనాలు. చివర్లో పెద్దవాళ్లను ముందు వరుసలో కుర్చీల్లో కూర్చోబెట్టి, భుజాల మీద కొత్త తువ్వాళ్లు కప్పి ఫోటో తీస్తారు. ఏళ్ల తరబడి సాంచాల మధ్య నిలబడ్డవాళ్లే అంతా. బాపు ఆ ఫోటోలు చూపించేవాడు.

"సూడు, ఒక్కనికన్న దగ్గున్నదా? మన మూలపురుషుడు పదారేండ్లు దాటనోడు. యముడొచ్చి తాడేసినా పోలే. మనకు ముసలితనం జల్ది రాదు బిడ్డా."

ఆ ముని కథ నాకు చిన్నప్పుడు చెప్పింది బాపే. ముని వాళ్ల నాయన తపస్సులో ఎంత కదలకుండా ఉండేవాడంటే, అడవి జింకలు వచ్చి ఆయన ఒంటికి రాసుకుని దురద తీర్చుకునేవట. అన్నం క్యారియర్ పట్టుకుని కార్ఖానాకు వెళ్లినప్పుడు, ఆ మోతలో తెగిన పోగు కోసం కళ్లు చికిలించి నిలబడ్డ బాపును చూసి, ఇప్పుడు జింకలొస్తాయని ఎదురుచూసేదాన్ని. నూగు వెలుతురులో తేలుతుండేది. నాకు అవి నిజంగానే కనిపించేవి, రెండు సాంచాల సందులోంచి వచ్చి బాపు మోకాళ్లకు మెడ రాసుకుంటూ.

అలాంటి మనిషి కదా అని నెమ్మదిగా చెప్పానా అంటే, లేదు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. పైగా సాంచాల మోతకు బాపుకు సగం చెవుడు. గొంతు చించుకుని వేటగాళ్ల సంగతంతా చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"మనుషులు జింకలా ఏంది?" అన్నాడు.

"సరే, రెండేండ్ల కింద నీ పక్క కుర్చీల కూసున్న పెద్దాయన ఏడి?"

"ఊరికి వోయిండు."

"ఆయన అవుతల ఉన్నాయన?"

"పానం బాగలేదంట. ఇంట్లనే ఉంటున్నడు, వెనక గల్లీల."

"మరి?"

"మరేముంది? వచ్చినోళ్లంత మంచిగనే ఉన్నరు గదా!"

తల పట్టుకున్నాను. అమ్మ వంటింట్లోంచి, "మీ బాపు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, ఊకో" అంది. ఆ రోజు నేను అన్నం తినకుండా అడాజన్‌లోని నా గదికి వచ్చేశాను.

ఈ ఏడు పండగ రోజు వాళ్లను తీసుకెళ్లడానికి పొద్దున్నే జోల్వా వెళ్లాను. బాపు తలస్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని నాకంటే ముందే తయారుగా ఉన్నాడు. మెట్లు దిగడం మొదలుపెట్టి సగంలో ఆగాడు. గోడ పట్టుకున్నాడు. కూర్చున్నాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అమ్మ వీపు రాస్తూ పక్కన కూర్చుంది. కాసేపటికి తగ్గాక పోదామా అంటే తల అడ్డంగా ఊపాడు.

"అందరి ముందట దగ్గుకుంట కూసుంటే ఏం బాగుంటది? నేను రాను. మీరు వోయి రాండ్రి."

మేమూ వెళ్లలేదు. ముగ్గురం ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాం. పండగైనా పక్క కార్ఖానాలో సాంచాలు ఆగలేదు, మెట్లు సన్నగా అదురుతున్నాయి. కిటికీ ఊచల్లోంచి ఎండ మెట్టు మీదికి జారింది. బాపు కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. ఎంత కదలకుండా ఉన్నాడంటే, నాకు మళ్లీ చిన్నతనపు ఆశ కలిగింది. మెత్తటి గిట్టలతో ఏవో మెట్లెక్కి వస్తున్నట్టు, ఆయన భుజానికి ఆనుకుని నిలబడ్డట్టు అనిపించింది. ఊపిరి ఆడుతోందా అని రెండుసార్లు వంగి చూశాను. చాలా భయమేసింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. పక్క సాంచా నడిపే బాపు దోస్తు ఫోటో పంపి, వెంటనే మాట్లాడాడు. బాపు చెవికి వినపడేలా ఫోన్ పెద్దగా పెట్టాను.

"ఏందన్నా, రాకపోతివి? ఫోటో సూసినవా? మనోళ్లు ఒక్కొక్కలు గుండ్రాయి లెక్క ఉన్నరు. దేవుని దయతోని ఒక్కలకు కూడ ఏం కాలే."

బాపు ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఫోటో పెద్దది చేసి చూశాడు. తువ్వాళ్లు, నవ్వులు. కుర్చీలు దగ్గరదగ్గరగా జరిపేశారు. ఎక్కడా సందు లేదు.

"నా కుర్చి ఏది?" అన్నాడు.

"వచ్చినోళ్లకే ఏస్తరు బాపూ."

మళ్లీ చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేను లేను గదా," అన్నాడు. "గందుకే అందరు మంచిగున్నరు."

ఆ మాట కోసమే నేను ఇన్ని నెలలు అరిచింది. తీరా ఆయన నోట్లోంచి వచ్చేసరికి, ఆయనే గెలిచి నేను ఓడిపోతే ఎంత బాగుండేదో అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. బాపు నా తల మీద చెయ్యి వేసి, ఇంకా ఫోన్‌లోనే ఉన్న దోస్తుతో దగ్గుతూనే గట్టిగా అన్నాడు.

"ఇంటున్నవా నా దగ్గు? ఎవ్వలను లేవనియ్యకు. ఫోటో మళ్ల తియ్యాలె. నేను వస్తున్న, రెండు కుర్చీలు ఎయ్యి."

"రెండెందుకన్నా?"

"వెనక గల్లీల ఒకడున్నడు, వాన్ని గూడ తీస్కొస్త."

నా భుజం పట్టుకుని, ఆగి ఆగి దిగాడు. ఆటో ఎక్కి, దాన్ని వెనక గల్లీలో ఆపించి, ఆ పెద్దాయనను ఆయన కొడుకూ నేనూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాం. దారిలో బాపు అమ్మతో, ఏదో మర్చిపోయింది గుర్తొచ్చినట్టు, "రేపు సేఠ్‌కు ఫోన్ చేసి చెప్పు, నేనిగ రానని" అన్నాడు. అమ్మ రోడ్డు వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

ముందు వరుస మధ్యలో ఇద్దరినీ కూర్చోబెట్టారు. తువ్వాళ్లు కప్పారు. ఫోటో తీసే అతను కదలొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే దగ్గొచ్చి, బాపు ముఖం మసకగా పడింది. ఇంకోటి తీద్దాం, సరిగ్గా రాలేదన్నాడు అతను.

"వద్దు," అన్నాడు బాపు. "గట్లనే ఉండనియ్యి."