పాటల పుస్తకంలో మాత్రల షీటు ముక్క

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానని రాయడం కూడా గొప్పలు పోవడమే. బరువు నాకు తెలియకుండా సుఖంగా మడిచి దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి రాస్తున్నాను. సాయంత్రం ఆరింటికి నా మేనకోడలు వస్తుంది. ఆలోపు ఇది పూర్తి కావాలి.

గాజువాకలో నాకు మందుల షాపుంది. డాక్టరు కావాలనుకుని కాలేకపోయినవాణ్ణి. ఇంట్లో మాత్రం అందరూ నన్ను డాక్టరనే పిలిచేవారు. ఆ పిలుపు మొదలుపెట్టింది మా అక్క. బావ స్టీల్ ప్లాంటులో పనిచేసేవాడు, అక్క చర్చి పాటల బృందంలో పాడేది. నలభై తొమ్మిదో ఏట నెలసరి ఆగాక ఆమెకి ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. ఆరాధన మధ్యలో జాకెట్టు తడిసిపోయేది. నిద్ర లేదు. అయినదానికీ కానిదానికీ బావ మీద అరవడం, ఆ వెంటనే ఏడవడం. చివరికి పాడటమే మానేసింది.

డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ హార్మోను మాత్రలు రాసింది. మూడు నెలలయ్యాక మళ్ళీ రమ్మంది, బీపీ, రొమ్ము పరీక్ష చూసి గానీ కొనసాగించకూడదంది. అక్క చెమట తుడుచుకుంటూ బయటికి నడిచాక డాక్టరమ్మ నాతో ఇంకో మాట చెప్పింది. కాలు వాచినా, ఆయాసం వచ్చినా మాత్ర ఆపి వెంటనే తీసుకురండి, కొందరికి రక్తం గడ్డకడుతుంది అని. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే. అక్కకి చెబితే భయపడుతుందని చెప్పలేదు.

ఆ మాత్రల్ని నేను తిట్టను. నెల తిరక్కుండా మా అక్క మాకు దక్కింది. రాత్రిళ్ళు నిద్రపోయింది. మళ్ళీ ముందు వరసలో నిలబడి పాడింది. బావని ఆటపట్టించింది. తప్పు మందుది కాదు.

మా షాపుల్లో ఒక అలవాటుంది. డాక్టరు రాసిన చీటీ ఎవరూ తేరు. అయిపోయిన షీటులో పేరున్న ముక్క కత్తిరించి తెస్తారు, మేం చూసి ఇచ్చేస్తాం. మూడు నెలలయ్యాక నేనే కత్తెర తీసి ఆ ముక్క కత్తిరించి అక్క చేతిలో పెట్టాను. డాక్టరమ్మ రమ్మంది కదా అంటే, నేనుండగా ఎందుకన్నాను. ఎందుకలా అన్నాను? బద్ధకమా? కాదు. నన్ను దాటుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళడం నాకు నచ్చలేదు, ఇంటి డాక్టరనే ఆ పిలుపు మీద నాకంత ఆశ. అక్క ఆ ముక్కని పాటల పుస్తకంలో పెట్టుకుంది. దాన్ని చూపించి దాదాపు రెండేళ్ళు మాత్రలు తీసుకెళ్ళింది. ఒక్క పరీక్ష లేదు.

అదే నేను పరాయివాళ్ళకి ఎంత నీతి చెప్పేవాణ్ణో! పోర్టులో క్రేను నడిపే ఒకాయన సత్తువ తగ్గిందని మగ హార్మోను ఇంజక్షను అడిగితే, రక్తం చిక్కబడుతుంది బాబూ, పరీక్షలు చేయించుకుని డాక్టరు చీటీతో రా అని పంపేశాను. ఆయనకి చెప్పిన ఆ నాలుగు ముక్కలూ అక్కకి చెప్పడానికి నోరు రాలేదు.

ఒక శుక్రవారం పొద్దున్న అక్క షాపుకొచ్చి, స్టూలు మీద కూర్చుని ఎడమ పిక్క చూపించింది.

“ఏటోరా, నిన్నట్నుంచి లాగేత్తంది. సూడు ఎలా వాసిపోయిందో.”

“ఏటి సేసావక్కా?”

“ఏటీ సెయ్యలేదురా. పాటల ప్రాక్టీసుకి నిల్సున్నాను, అంతే. ఆ మాత్రల వల్ల కాదు గదా?”

“దానికీ దీనికీ సంబంధమేటి? నరం పట్టేసుంటాది. ఈ ఆయింట్‌మెంటు రాసి పట్టీ కట్టుకో.”

“నువ్వు సెప్తే సరే. నువ్వుండగా నాకేటి భయం?”

ఆ కాలు నేను పట్టుకుని చూశాను. వేడిగా ఉంది. రెండో కాలికంటే లావుగా ఉంది. నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్తే రెండేళ్ళుగా ఎవరిచ్చారని అడుగుతారు. సోమవారం దాకా చూద్దాం, వాపు తగ్గితే మెల్లగా మాన్పిద్దాం అనుకున్నాను. ఆ రోజు మాత్ర వేసుకోకు అని కూడా అనలేదు. అంటే ఎందుకని అడిగేది కదా.

ఆదివారం చర్చికి తయారవుతూ ఆయాసంతో పడిపోయింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు ఏ మందులు వాడుతోందని అడిగాడు. మందుల సంగతి తెలియని బావ నా వైపు చూశాడు. బీపీ మాత్ర ఒక్కటే అన్నాను. కాలికి పట్టీ ఏమిటంటే, బెణికిందన్నాను. గంటలో అక్క పోయింది. గుండెపోటని రాశారు.

నిజం చెప్పుంటే బతికేదా? తెలియదు. తెలియకపోవడం నాకు అనుకూలమని ఇన్నేళ్ళూ దాన్నే పట్టుకు వేలాడాను. శుక్రవారం సంగతి మాత్రం నాకు తెలుసు. శుక్రవారం ఆమె నడిచి వచ్చింది. రెండు రోజులు చేతిలో ఉన్నాయి. నేనే చంపుకున్నాను.

సమాధి చేసి వచ్చాక, అందరూ భోజనాల దగ్గరుండగా, పాటల పుస్తకంలోంచి ఆ ముక్క తీసి జేబులో వేసుకున్నాను. ఏటా జ్ఞాపకార్థ కూడికలో బావ లేచి నిలబడి సాక్ష్యం చెబుతాడు, మా బావమరిది వాళ్ళ అక్కని కంటికి రెప్పలా చూసుకున్నాడు అని. అందరూ ఆమెన్ అంటారు. నేనూ అన్నాను, తొమ్మిదిసార్లు.

నిన్న సాయంత్రం అక్క కూతురు వచ్చింది. ముప్పై ఏడేళ్ళు, మధురవాడలో ఉద్యోగం. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందట, మొహం పాలిపోయింది. చీటీ ఇచ్చింది. చూశాను. హార్మోను మాత్రలే. “ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగారు మావయ్యా. లేదండి, అమ్మది గుండెపోటు అని సెప్పాను” అంది. అమాయకంగా, నా అబద్ధాన్ని నాకే అప్పజెప్పింది.

స్టాకు లేదు, రేపు రామ్మా అన్నాను. మాత్రలు నా వెనక అరలోనే ఉన్నాయి. ఆ క్షణంలో కూడా నోరు పెగల్లేదు. వేరే షాపులో కొనుక్కునుంటే? రాత్రే వేసుకునుంటే? పొద్దున్న ఫోన్ చేసి కొనలేదని తెలుసుకున్నాకే అన్నం ముట్టాను. ఫోన్లోనైనా చెప్పానా? లేదు. ఇంత పిరికివాణ్ణి నమ్మి ఆ పిల్ల ఈ షాపుకే వస్తోంది.

మిమ్మల్ని క్షమించమనను. అడగాల్సిన మనిషి లేదు. ఉన్నవాళ్ళు క్షమించకపోతే వాళ్ళ తప్పు కాదు. బావ ఇక నా గుమ్మం తొక్కడేమో. తొక్కకపోనీ.

ఆరు కావస్తోంది. మీకని మొదలుపెట్టిన ఈ కాగితాలూ, ఆ షీటు ముక్కా మందుల కవర్లో పెట్టాను, నేను మళ్ళీ మాట మార్చినా అవి ఆ పిల్ల చేతికి వెళ్ళాలి. దానికి చెప్పాల్సిన మొదటి మాట ఖాళీ షాపులో ఒకసారి పైకి అనుకున్నాను.

“మీ అమ్మది గుండెపోటు కాదమ్మా.”

మాట బయటికొచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఊపిరి కాస్త లోపలికి వెళ్ళినట్టుంది. బయట స్కూటీ ఆగింది, షట్టరు ఎత్తాలి.