పెద్దాయన పోయిన ఆదివారం

మొన్న ఆదివారం నేను చేసిన ఒక్క ఫోన్‌కి సూర్యాపేట నుంచి కారు నిండా జనం ఏడ్చుకుంటూ వచ్చారు. ఎందుకొచ్చారో చెప్తాను, నవ్వకుండా వినండి. నాకింకా నవ్వే ఓపిక రాలేదు.

మాది మండపేట దగ్గర. మా ఆయనకి వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తే మిర్యాలగూడ వచ్చి నెలన్నర అయింది. నేనిక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తున్నాను. ఇక్కడా తెలుగే కదా, ఇబ్బందేముంటుందని ధైర్యంగా వచ్చాను. ఆ రోజు పొద్దున కూరగాయల బండి దగ్గర ఆనపకాయ అడిగితే చిక్కుడుకాయల్లాంటివేవో అరకిలో తూచి సంచిలో పోశాడు. ఇవి కావు బాబూ, పొడుగ్గా ఉంటుంది, పులుసులో వేస్తామంటే అది సొరకాయ అన్నాడు. వాదించే శక్తి లేక డబ్బులిచ్చేసి, ఆ ఎండలో నడుచుకుంటూ ఇంటికొచ్చాను.

గేటు తీసేసరికి కింద వాటాలో ఉండే మా ఇంటి ఓనరు లచ్చమ్మగారు మెట్ల మీద చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ భర్త సైదులుగారు ఆ వేళప్పుడు అరుగు మీద పేపరు చదువుతుంటారు. కనబడలేదు.

"పెద్దాయన ఏరండీ?" అన్నాను.

"పోయిండమ్మా. పొద్దుగాల్నే పోయిండు."

మా వైపు ఊరికెళ్తే వెళ్ళారంటాం. పెద్దవాళ్ళు పోయారంటే దానికి ఒకటే అర్థం. చేతిలో సంచి జారిపోయింది. పక్కన కూలబడి, ఎక్కడండీ అన్నాను.

"కోదాడ. ఆయన తమ్మునింట్ల." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోకయ్యా అని ఎంత మొత్తుకున్నా ఇనలే. నన్ను సుత రమ్మన్నడు. నేనెందుకు పోత? సచ్చినా పోను."

నాకు ఏడుపు ఆగలేదు. ఎంత ప్రేమ లేకపోతే తనతో పాటు రమ్మంటారు అనుకున్నాను. కోదాడ ఎప్పుడు వెళ్ళారు, ఏ జబ్బు చేసింది అని అడగడానికి నోరు రాలేదు. అందరం ఎప్పుడో ఒకప్పుడు పోవలసినవాళ్ళమేనని ఓదార్చాను. ఆవిడ నన్ను అదోలా చూసి, ఎల్లుండికి వస్తడు తియ్యి అంది. దుఃఖంలో మతి చలించిందనుకున్నాను.

పైకి వచ్చి ముందు డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఫోన్ చేశాను. సెలవు పెట్టి, దారిలో దండ కొనుక్కుని వస్తానన్నారు. తర్వాత మా స్కూల్లో సోషల్ చెప్పే వెంకన్న సార్‌కి చేశాను. ఆయనది వేములపల్లి, పెద్దాయనకి వరసకి మేనల్లుడు. పోయారు అంటే మర్యాదగా ఉండదని, తెలుగు టీచర్ని కదా, "సైదులుగారు కోదాడలో స్వర్గస్థులయ్యారండీ" అని స్పష్టంగా చెప్పాను. ఆ మాట వాడకపోయినా బాగుండేది.

చావింట్లో పొయ్యి వెలిగించరు కదా అని అన్నం, చారు పట్టుకుని కిందికి వెళ్ళాను. వద్దంటుందేమోనని బతిమాలబోయాను. ఆవిడ రెండోసారి కూడా వడ్డించుకుని, చారుల బెల్లమెందుకేసినవమ్మా అని అడిగింది.

అప్పుడే కారు ఆగింది. సూర్యాపేటలో ఉండే కూతురు రేణుక, అల్లుడు, ఇంకో ముగ్గురు దిగారు. వెంకన్న సార్ చెప్పగానే తండ్రికీ, కోదాడలో బాబాయికీ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదట. తల్లిని ఎక్కించుకుని అటునుంచటే కోదాడ వెళ్దామని వచ్చారు. రేణుక పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుని, "అమ్మా, నాయిన పోయిండంట గదనే" అని బావురుమంది.

"పోతే పోయిండు తియ్యి. గంత మాత్రానికి ఏడుస్తరా?" అంది లచ్చమ్మగారు, కంచం పక్కన పెడుతూ.

అందరూ బిగుసుకుపోయారు. రేణుక వెక్కుతూనే, "సచ్చిపోయిండంట గదనే" అంది.

అప్పుడు అరిచింది లచ్చమ్మగారు. అలాంటి అరుపు నేను ఇదివరకు వినలేదు. గోడకి జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయింది. పొద్దున నేను ఓదార్చినప్పుడు ఆవిడకి ఏమీ తెలియదని నాకు అప్పుడు తెలిసింది.

కారు వెనకే బండి మీద వచ్చిన వెంకన్న సార్ కోదాడకి మళ్ళీ మళ్ళీ ఫోన్ కలుపుతున్నారు. నాలుగోసారి ఎత్తారు. స్పీకర్లో బ్యాండ్ మోత. దాని వెనకాల సైదులుగారి గొంతు. "ఎవరూ? జర గట్టిగ మాట్లాడు, ఈడ బాజాలు మోగుతున్నయ్."

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

సంగతేమిటంటే, కోదాడలో ఆయన తమ్ముడి కొడుకు పెళ్ళి. తోడికోడలు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా వాట్సాప్‌లో కార్డు పంపిందని ఈవిడ అలిగింది. పెళ్ళికి ముందురోజే వెళ్ళి పెళ్ళికొడుకుని చేయాలని ఆయన ఒక్కరే బస్సెక్కారు. అంతే.

ఫోన్ లచ్చమ్మగారి చేతికిచ్చారు. అవతల ఆయన ఏమైందే, ఏమైందే అంటున్నారు.

"తిన్నవా?" అంది చివరికి.

ఫోన్ పెట్టేసి లోపలికెళ్ళింది. పది నిమిషాల్లో పట్టుచీర కట్టుకుని వచ్చి, కారు ఉంది గదా, కోదాడకు నడువుండ్రి అంది. నేను మెట్ల మీద తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడే నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"టీచరమ్మా, నేను లగ్గానికి పోతున్న. ఎల్లుండి మాపటికి వస్త. నువ్వు ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు."

కారు మలుపు తిరుగుతుంటే మా ఆయన బండి ఎదురొచ్చింది. హ్యాండిల్‌కి నిలువెత్తు చామంతి దండ వేలాడుతోంది. కారులోంచి పట్టుచీరలో లచ్చమ్మగారు చెయ్యి ఊపితే, ఈయన అయోమయంగా తానూ ఊపి లోపలికొచ్చారు.

పెద్దాయన ఎక్కడని గొంతు తగ్గించి అడిగారు. కోదాడ పెళ్ళింట్లో భోజనం చేస్తున్నారన్నాను. దండకేసి చూసుకుని, మరి ఇదెవరికి అన్నారు.

"నా మెళ్ళోనే వేసేయండి," అన్నాను. "ఇవాళ ఈ ఇంట్లో పోయింది నా పరువొక్కటే."