ఎవరూ గీయని గీత

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకం నేను. మా అమ్మ గుంటూరులో నర్సు. వార్డులో ఎన్ని చావులు చూసినా ఒక్క దయ్యం కథ కూడా ఇంటికి మోసుకురాలేదు. ఆమె కూతుర్ని కదా, నాకూ ఆ పిచ్చి లేదు. అందుకే దీన్ని నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మాదాపూర్‌లో మ్యాపులు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. ఇండోనేషియాలోని ఒక అగ్నిపర్వతం పని మాకు వచ్చింది. స్ట్రాటోవోల్కానో అంటారు దాన్ని. పేలిన ప్రతిసారీ ఓ పొర లావా, ఓ పొర బూడిద పేర్చుకుంటూ ఎదిగిన కొండ. పాత పేలుళ్లలో ఏ ప్రవాహం ఏ లోయలోకి దిగిందో విమానం నుంచి తీసిన ఫోటోల్లో వెతికి, కంప్యూటర్‌లో గీతలు గీయాలి. వాటిని బట్టే అక్కడివాళ్లు ఏ ఊళ్లు ఖాళీ చేయించాలో నిర్ణయిస్తారు. ఆ కొండను ఒక్కసారీ కళ్లారా చూడకుండానే దాని చరిత్రంతా మాకు కంఠతా వచ్చేసింది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

మా టీమ్ లీడర్ యాదగిరి సార్. మియాపూర్‌లో ఉండేవారు. మేమంతా శిఖరం నుంచి కిందికి గీస్తే, ఆయనొక్కరే లోయ అడుగు నుంచి పైకి గీసేవారు. ఎందుకండీ అని అడిగితే, "మనుషులుండేది కిందనే గద బిడ్డా" అన్నారు. గీత ఎటు నుంచి మొదలైందో, ఎవరు గీశారో ఫైలులో నమోదవుతుంది. ఫోటోలో ఆధారం దొరకని గీతను చెరిపేయాలన్నది మా నియమం.

ఒక బంద్ రోజు బస్సుల్లేవు. నేనుండే హాస్టల్ దగ్గరే కాబట్టి నడిచి వెళ్లాను. మా అంతస్తులో నేనొక్కదాన్నే. పొద్దున పడమటి లోయ చూశాను, అందులో ఏ గీతా లేదు. లోయ చివర ఒక ఊరు ఉంది, మా మ్యాప్ ప్రకారం దానికి ఏ ప్రమాదమూ లేదు. మధ్యాహ్నం బాక్సు తిని, చేయి కడుక్కుని వచ్చేసరికి ఆ లోయ పొడవునా గీత ఉంది. అడుగున మొదలై, ఊరిని కలుపుకుని, పైకి పోయింది. దాని పక్కన గీసినవారి గుర్తుగా సార్ కోడ్.

సార్ కంప్యూటర్ మీద కప్పిన కవరు కప్పినట్టే ఉంది. స్విచ్ ఆపి ఉంది. ఇంటి నుంచి పనిచేసే ఏర్పాటు అప్పట్లో మాకు లేదు. పైకి ఎవరూ రాలేదని గార్డు చెప్పాడు. సార్‌కి ఫోన్ చేస్తే వెనకాల డప్పులు వినిపించాయి. ఆ రోజు వంటావార్పు, అంటే రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలపడం. పొద్దుటి నుంచి మియాపూర్ రోడ్డు మీద పప్పు కలుపుతున్నానన్నారు.

ఫైలు ఆ సాయంత్రమే పంపాలి. ఫోటోలో నాకు అడవి తప్ప ఏమీ కనబడలేదు. నియమం ప్రకారం చెరిపేయాలి. కానీ గీత నిజమైతే ఆ ఊరి గతేమిటి? పంపనని మొండికేశాను. ఒక్క రోజు ఆలస్యానికి మేనేజర్ చేత నానా మాటలు పడ్డాను.

మర్నాడు సార్ అరగంట సేపు ఆ ఫోటోల మీద వంగి కూర్చున్నారు. "ఇది నేను గీయలే బిడ్డా. గీసినోడెవడో గని సక్కగ గీసిండు" అన్నారు. చెట్ల కింద పాత బూడిద ప్రవాహం అంచు చూపించారు. చూపించాక నాకూ కనబడింది. గీతను ఉంచి ఫైలు పంపాం.

కొన్ని నెలలకు ఆ కొండ పేలింది. కాలుతున్న బూడిద ఆ లోయలోకే దిగింది. ఊళ్లో ఒక్క ఇల్లూ మిగల్లేదు. మనుషులు మాత్రం అందరూ బతికారు. మ్యాప్‌లో గీత ఉందని వాళ్లను ముందురోజే తరలించారట. మాకు పని ఇచ్చిన క్లయింట్ రాసిన ఉత్తరంలో ఇది చదివి ఆఫీసులో అందరం ఏడ్చాం. ఆంధ్రా, తెలంగాణ అని రోజూ వాదించుకునేవాళ్లం ఒకరి భుజాలొకరం పట్టుకుని ఏడ్చాం.

ఆ గీత గీసినవారి పేరు కావాలని క్లయింట్ అడిగారు. సార్ తనది కాదన్నారు. నేను నాది కాదన్నాను. ఇన్నేళ్లయినా అది ఎవరి చేతి గీతో నాకు తెలియదు. చెరపనిది మాత్రం నేనే.