నేల ఉసిరి కట్ట

నేను బడి మానేశానని అందరూ అంటారు గానీ, ఏడో తరగతిలో బడే నన్ను మానేసింది. బడి బయట నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం నేల ఉసిరి. అందులోనూ ఫెయిలయ్యాను. మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల పక్కన ఆ మొక్క కనపడగానే పాత కోపం మళ్ళీ లేచింది.

అవి తెలంగాణ బంద్‌ల రోజులు. బళ్ళు మూసేస్తే, మన్సూరాబాద్‌లో మూలికల మందిచ్చే లచ్చవ్వ దగ్గర ఆకులు గుర్తుపట్టడం నేర్చుకునేవాణ్ణి. ఒకరోజు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక ఆంటీ, కామెర్లతో పచ్చబడ్డ కొడుకుని తీసుకొచ్చింది.

"బస్సుల్లేవండి. ఎల్బీనగర్ నుంచి నడిపించుకునే వచ్చాను. వీడు నాలుగు రోజులుగా అన్నం ముట్టట్లేదు."

అవ్వ నన్ను నేల ఉసిరికి పంపింది. ఖాళీ ప్లాట్లలో, మిట్టమధ్యాహ్నం ఎండలో, కాళ్ళకి పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా పెద్ద కట్ట పీక్కొచ్చాను. అవ్వ ఒక్క రెమ్మ తిరగేసి చూసి, కట్టంతా గోడవతల పారేసింది.

నాకు ఒళ్ళు మండింది. వీధిలో రోజూ వినే నినాదాలతో కారణం నాకు తెలిసిపోయిందనుకున్నాను.

"ఆంధ్రోళ్ళకైతే మందియ్యవా అవ్వా? గిదేం న్యాయం?" అని అందరి ముందూ అరిచాను. ఆంటీ తల దించుకుంది.

అవ్వ తనే వెళ్ళి వేరే మొక్క తెచ్చి, నూరి, మజ్జిగలో కలిపి పిల్లాడి చేత తాగించింది. నేను తెచ్చింది చూపుకి నేల ఉసిరిలాగే ఉండే కలుపు మొక్క. నేల ఉసిరికైతే రెమ్మ కింద వరసగా చిన్న కాయలుంటాయి. అవ్వ ముందురోజే నేర్పింది. ఆంటీ దించుకున్న తల గుర్తొస్తే, ఇప్పుడు ఆ కోపమంతా నా మీదికే తిరుగుతుంది.

వాళ్ళు వెళ్ళాక అవ్వ చేతులు కడుక్కుంటూ అంది: "ఆల్లు ఏడికెల్లి వచ్చిన్రో మంచిగ యాదుంచుకున్నవ్ బిడ్డా. కాయ ఏడుంటదో గదే మర్షినవ్."