గునపం మామ ఎంచిన మిషన్

ఎవరికి ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయో ఆరా తీస్తారు గానీ, మన ఊరి కంచెలన్నీ పాతిందెవరని ఒక్కరైనా అడిగారా? నోళ్ళేమైనా పడిపోయాయా? పాతింది గునపం మామ. మనిషి కట్టెపుల్లలా ఉండేవాడు, అరచేతులు మాత్రం చెప్పు అట్టలే. ఎవరు పిలిచినా ముందు గునపంతో నేలని మూడు పోట్లు పొడిచి, చెవి వంచి చప్పుడు వినేవాడు. చెంబెడు నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా కదిలేవాడు కాదు.

ఒకరోజు పాడిపశువుల ఆసామి తన కొత్త ట్రాక్టరుకి తగిలించే, కంచె స్తంభాలు పాతే మిషన్ ఎంచిపెట్టమని మామని దుకాణానికి పిలిచాడు. అదొస్తే మామ గునపానికి పనుండదు. "పనికిరానిదేదో చూపించి రా, మన కూడు మనకుంటుంది" అని పెళ్ళాం గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

దుకాణంలో ఆసామి గుంతలు తోడే మర దగ్గరే ఆగిపోయాడు.

"గుంత ఎంత గుండ్రంగా తీస్తుందో చూడు మామా!"

"మెత్తటి నేలలో తీస్తుంది బాబూ. మీ గులకరాళ్ళ నేలలో గిర్రున తిరగడమే గానీ లోపలికి దిగదు. నేలని తోమడానికా కొంటున్నావు?"

 మామ మూలనున్న సుత్తి మిషన్ దగ్గరికి నడిచాడు. ఇనుప స్తంభాన్ని నెత్తిన మొత్తి నేలలోకి దించేది అది.

"ఇది కొను. నేను నెల్లాళ్ళు చేసేది రెండ్రోజుల్లో అవగొడుతుంది."

"మరి నువ్వో?"

"స్తంభం నిలువుగా ఉందో లేదో చూస్తా. దానికి కళ్ళు లేవుగా!"

పదకొండేళ్ళు ఆ ట్రాక్టరు వెనకే నిలబడి, ఒక కన్ను మూసి స్తంభాలు సరిచూశాడు. డెబ్బై నాలుగో ఏట పోయాడు.