మంచుకారుకు ధూపం

ముందుగా ఒట్టు వేసేస్తాను. ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న లోకో షెడ్డు మీద, మా అమ్మ కుంపటి మీద, అదీ చాలకపోతే బిలాస్‌పూర్ మే నెల ఎండ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. (మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "ఒట్టుతో మొదలెట్టినారంటే ఇంక అయిపోనాదే" అనేసి వెళ్లింది. ఆవిడ మాట పట్టించుకోకండి.)

ఆ రోజుల్లో చల్లదనమంటే మాకు తెలిసినవి మూడే. కుండలో నీళ్లు, కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడక, ఫస్టు క్లాసు దొరల పెట్టెల్లోకి ఎక్కించే మంచుదిమ్మెలు. ఆ మూడోదాన్ని ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్లతో అనుభవించడమే తప్ప చేత్తో ముట్టుకున్నది లేదు. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి క్వార్టర్లలో కుదురుకున్న మా వాళ్లకి ఎండాకాలంలో మనిషికీ ఇంజనుకీ తేడా ఉండేది కాదు. ఇద్దరూ బిందెలకొద్దీ నీళ్లు తాగేవారు, ఇద్దరూ ఆవిరి వదిలేవారు. అలాంటి ఊళ్లోకి, యుద్ధం మొదలైన కొత్తలో, ఊరి శివార్లలో మంగ్లా వైపు ఉండే ఒక మాల్గుజారు (మన వైపు జమీందారు అంటామే, ఆ బాపతు ఆసామి) అమెరికా నుంచి చలి పుట్టించే కారు తెప్పించాడు. అప్పట్నుంచి ఊరంతా ఆయన్ని మంచుదొర అనడం మొదలుపెట్టింది.

ఆ కారు ఇంజను పక్కన కంప్రెసర్ అని ఒక ఇనప బుడిపె ఉండేది. ఇంజను తిరిగితే బెల్టు దాన్ని తిప్పేది, అది లోపలి వాయువును నొక్కేది, వెనక సీట్లో కూర్చున్నవాళ్ల మెడల మీదికి డిక్కీలోంచి చల్లగాలి వచ్చేది. ఆపడానికి మీట లేదు. చలి వద్దనుకుంటే కారు నిలిపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీసుకోవాల్సిందే. (ఇది నా కల్పన అనుకుంటున్నారు కదా. కాదు. అమెరికా వాళ్లకి చలి ఎక్కువైతే దిగి నడిచేవారేమో.) రెండో వేసవికే ఆ కంప్రెసర్ జబ్బుపడింది. పిల్లి తోక తొక్కినట్టు కీచుమనేది, ఒక ఫర్లాంగు చల్లగా, మూడు ఫర్లాంగులు పెనంలా ఉండేది. సరిగ్గా అప్పుడే మంచుదొర కూతురి పెళ్లి వచ్చింది. అల్లుణ్ణి స్టేషన్ నుంచి ఇంటిదాకా చెమటచుక్క పడకుండా తీసుకొస్తానని ఆయన నాగపూర్ వియ్యాలవారికి ఉత్తరం రాసేసి ఉన్నాడు. బాగుచేసే దిక్కు ఊళ్లో లేక, ఏటా తన దగ్గర్నుంచి మామిడిపళ్ల బుట్ట అందుకునే మా ఫోర్మన్ దొర దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

ఆ సమయంలో అక్కడ బాయిలర్ బాబాయి ఉండటమే నా జాతకం. ఆయన మా నాన్న తమ్ముడు, షెడ్డులో పెద్ద మేస్త్రి, నన్ను పనిలో పెట్టించినవాడు. ఆయన నోట్లో ఆవిరి ఎప్పుడూ నూటయాభై పౌన్ల మీదే ఉండేది. "మావోడొకడు ఉన్నాడు సాబ్, కంప్రెసర్ల మీదే పుట్టినాడు" అని ఫోర్మన్ దొర ముందు అనేసి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఒరే, దొరతో సెప్పీసినాను. ఆ కారు నువ్వే బాగు సేస్తావని."

"నాకేటి తెలుసు బాబాయ్? మన షెడ్డులో ఉన్న ఒక్క కంప్రెసర్నీ నేను గుడ్డెట్టి తుడవడమే గదా."

"తుడిసినోడికే దాని మనసు తెలుస్తాది. ఒకటో తారీఖున నీలాటి టెంపరరీ వోళ్లందర్నీ తీసేస్తన్నారు, ఎరికేనా? కారు సల్లబడితే నీ పేరు పక్కా లిస్టులో ఉంటాది, ఫోర్మన్ దొర మాటిచ్చినాడు. సల్లబడకపోతే మూటగట్టుకుని ఊరెళ్లిపోదువు గాని. మీ అమ్మకి ఏటి సెప్తావో ఇప్పుడే అనుకో."

పెళ్లికొడుకు వచ్చే మెయిలు బండి నాలుగింటికి. మధ్యాహ్నం పన్నెండింటికి కారు మా షెడ్డు నీడలోకి వచ్చింది. వెనక సీట్లో పట్టు తలపాగాతో మంచుదొర అద్దాలు బిగించుకుని కూర్చుని, "ఠండా హోహీ తభే ఉతరహూఁ" అన్నాడు. చల్లబడితేనే దిగుతానని. నేను ఇంజను నడుస్తుండగానే కారు కిందికి దూరాను. చూడగానే తెలిసిపోయింది. నూనె తాగి తాగి బెల్టు అద్దంలా నున్నబడింది, కప్పీ మీద పట్టు దొరక్క జారుతోంది. బిగిద్దామంటే బోల్టు అప్పటికే చివరికంటా వచ్చేసింది. కొత్త బెల్టు కావాలంటే మధ్యలో సముద్రం, సముద్రంలో యుద్ధం. అప్పుడు నా మెదడులో మెరుపు మెరిసింది. షెడ్డు గోడకి దేవుడి పటం కింద అలమరలో ఒక డబ్బా ఉంటుంది, అందులో దంచిన గుగ్గిలం. గురువారం గురువారం యంత్రాలకి మేం వేసే ధూపం అదే. ఇక్కడి సాల అడవుల్లో కారే ఆ జిగురును జారే బెల్టు మీద చల్లితే చచ్చినట్టు పట్టుకుంటుంది.

కారు కింద నుంచే డ్రైవరుకి నా హిందీలో చెప్పాను. "డ్రైవర్‌జీ, ధూప్. గాడీ కో ధూప్, జల్దీ."

ఇక్కడొక చిన్న సంగతి మనవి చేసుకోవాలి. మా ఊరి ఛత్తీస్‌గఢీ వాళ్లు ఎండను ఘామ్ అంటారు. వాళ్లలో ఎవరితో ధూప్ అన్నా తిన్నగా వెళ్లి ఆ డబ్బా తెచ్చిచ్చేవారు. కానీ మంచుదొర అమెరికా కారుకి తగ్గట్టు లక్నో నుంచి డ్రైవర్ని తెప్పించుకున్నాడు. లక్నో వాడికి ధూప్ అంటే ముందు ఎండే, ఆ తరవాతే ధూపం.

"ధూప్? ఈ వేడిలోనా?" అని అతను హిందీలో గొణిగాడు. తరవాత, "అచ్ఛా, మిస్త్రీకి తెలియాలి" అని గేరు వేశాడు.

నాలుగు చక్రాలూ నన్ను మర్యాదగా తప్పించుకుని కారు నా మీద నుంచి వెళ్లిపోయింది. నేను వెల్లకిలా పడుకుని, చేతిలో పానా పైకెత్తి, షెడ్డు కప్పుకి రిపేరు చేస్తున్నవాడిలా మిగిలాను. బాయిలర్ బాబాయి వచ్చి చూశాడు.

"కారేదిరా?"

"ఎళ్లిపోనాది బాబాయ్."

"నువ్వు కింద ఉండగానే?"

"ఉండగానే."

బయటికి పరిగెత్తేసరికి కారు బూడిదగుంట పక్కన నడినెత్తి ఎండలో నిలబడి ఉంది. డ్రైవరు చేతులు కట్టుకుని, "ఎంతసేపు ధూప్ చూపించాలి మిస్త్రీజీ?" అన్నాడు. అద్దం వెనక మంచుదొర ముఖం కుంపట్లో వంకాయ రంగుకి తిరిగింది, మీసాలకి రాసిన మైనం కరిగి గడ్డం మీదికి వస్తోంది. చల్లబడితేనే దిగుతానన్న మాట మీద నిలబడి ఆయన ఉడుకుతున్నాడు. బాబాయి నా చెవిలో, "ఒకటో తారీఖు దాకా ఎందుకురా, సాయంత్రం బండికే ఎళ్లిపో" అన్నాడు.

నేను డబ్బా తెచ్చి, బానెట్ ఎత్తి, తిరుగుతున్న బెల్టు మీద గుగ్గిలం పొడి చిటికెడు చిటికెడు చల్లాను. ఎండకి కాలి ఉన్న బెల్టు మీద అది కరిగి అంటుకుంది. కీచు కాస్తా మూలుగైంది, మూలుగు కాస్తా ఆగిపోయింది, చంటిపిల్లకి పాలు దొరికినట్టు. కాసేపటికి లోపల నుంచి "అరే వా" అని వినిపించింది. దిగండి హుజూర్ అంటే మంచుదొర దిగలేదు. చల్లబడకపోతే దిగనన్నవాడు చల్లబడ్డాక అసలు దిగనన్నాడు.

నాలుగింటికి మెయిలు వచ్చింది. పెళ్లికొడుకు మామగారి పక్కన ఎక్కాడు. నూనె బట్టలతో, ఒళ్లో గుగ్గిలం డబ్బాతో డ్రైవరు పక్కన నేను. బజారు దాటేసరికి వేడికి గుగ్గిలం రాజుకుని బానెట్ సందుల్లోంచి తెల్లటి సువాసన పొగ మొదలైంది. కొట్లలోవాళ్లు లేచి నిలబడ్డారు, ఏ దేవుడి ఊరేగింపో అనుకుని చెప్పులు వదిలి దండాలు పెట్టారు. ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి చక్రాల ముందు పోసింది. వెనక పెళ్లికొడుక్కి పళ్లు టకటకలాడుతున్నాయి. "కొంచెం తగ్గించండి" అని అడిగాడు పాపం. తగ్గించాలంటే బెల్టు ఊడదీయాలి, బెల్టు మీద నా ఉద్యోగం ఉంది. అందుకని ఆయన మే నెలలో, మామగారి తలపాగా విప్పి చెవులకి చుట్టుకుని, తుమ్ముతూ మంగ్లాలో దిగాడు. మంచుదొర మాత్రం ఛాతీ విరుచుకుని, "చూశారా, ఊరంతా మా అల్లుడికి మొక్కింది" అన్నాడు. ఒకటో తారీఖున పక్కా లిస్టులో ఆఖరి పేరు నాది. అమ్మ ఆ రోజు ఇంట్లో బెల్లం పరమాన్నం వండింది.

ఒట్టు వేశాను కనక ఇప్పుడు ఒక్క ముక్క వెనక్కి తీసుకోవాలి. మంచుకారు నిజం, ఎండ నిజం, తుమ్ములు నిజం. నాకు మెరుపు మెరవడం ఒక్కటే అబద్ధం, చిటికెడు చిటికెడు చల్లడం దాని తోక. బెల్టు జారుతోందని గాని, గుగ్గిలం దానికి పట్టిస్తుందని గాని ఆ రోజు నాకు బొత్తిగా తెలియదు. కారు కింద పడుకుని ఏ బోల్టు ఏమిటో తోచక, ఏమీ తోచనప్పుడు మా అమ్మ చేసే పనే చేద్దామనుకున్నాను. ఆ ఇనప బుడిపెకి కాస్త ధూపం వేసి దండం పెట్టుకుందామని డబ్బా అడిగాను, అంతే. ఎండలో బానెట్ ఎత్తి నిప్పు కోసం చూస్తుంటే నూనె చేతుల్లోంచి డబ్బా జారి, మూత ఊడి, సగం గుగ్గిలం బెల్టు మీద పడింది. కీచు ఆగింది. బాబాయి నా భుజం తట్టి, "జారే బెల్టుకి గుగ్గిలం. ఎలగ తెలిసిందిరా నీకు? నే సెప్పలేదేటి, తుడిసినోడికే తెలుస్తాదని" అన్నాడు. నేను తల ఊపాను. ఇప్పుడు షెడ్డులో కొత్తగా చేరినవాళ్లు "బెల్టు జారితే ఏం చెయ్యాలి మేస్త్రీ?" అని నన్నే అడుగుతారు. చెబుతాను, చెప్పి అదే తల ఊపుతాను. ఆ వెల్లకిలా పడుకున్న ఇరవయ్యేళ్లవాడు ఎక్కడో లోపల నుంచి నన్ను చూసి నవ్వుతాడు.