టైలరుగారి ముక్కు

వీధిలో ఎవరింట విందున్నా విస్కీ ఎంచే పని టైలరుగారిదే. ఖరీదు సీసాల జోలికి పోడు. "లేబులు తాగుతామా ఏంటి?" అంటాడు. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని, కొత్త గుడ్డ నాణ్యం చూసినట్టు రెండు చేతులూ రుద్ది, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తాడు. చవక సరుకులోంచి మేలైనది తీసి పక్కన పెట్టాడంటే ఇక ఆ మాటకి తిరుగులేదు. మొన్నటి జలుబుతో ఆ ముక్కు కాస్తా మొద్దుబారిపోయింది. కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

ఈ సాయంత్రం బావమరిది రెండు సీసాలు తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు. కొత్త షాపు తెరుస్తున్నాడు. విందుకి ఏది కొనాలో బావే తేల్చాలి. స్నేహితులు చుట్టూ మూగారు. టైలరు ఒక సీసాలోంచి చుక్క వేసుకుని చేతులు రుద్దాడు. ఏమీ తెలియలేదు. మళ్ళీ రుద్దాడు. "ఏది బావా?" "ఉండవోయ్, కంగారుపెట్టకు!" అంతలో వంటింట్లోంచి మాడిన పాల కంపు గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకుని అటు తిరిగారు. టైలరు మాత్రం అరచేతుల్లోంచి ముఖం ఎత్తకుండానే, "ఇదేనోయ్! తేనె వాసన, ఎంత కమ్మగా ఉందో!" అన్నాడు. కళ్ళు తెరిచాడు. మాడిన గిన్నె పట్టుకుని గుమ్మంలో భార్య.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అంది మెల్లగా.